పాత భవనం మీద ఎర్ర గుర్తులు, మీరు అడుగుతున్న టీసీలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన మంగళవారం నుంచి మన బస్తీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతోంది. మన పాత భవనం గోడ మీద ఎర్ర పెయింటు గుర్తులు, పక్కన టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులు. ఫొటో కింద ‘బడి కూల్చేస్తున్నారు, పిల్లల్ని వేరే బడిలో కలిపేస్తున్నారు’ అని ఎవరో రాశారు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికే టీసీల కోసం కొందరు తల్లులు వరండాలో కూర్చుని ఉన్నారు. అక్కడ ఫంక్షన్ హాల్ వస్తుందని ఒకరు, ఏదో ఆఫీసు వస్తుందని ఇంకొకరు చెప్పారు. ఒక అమ్మమ్మ అయితే ఏడ్చేసింది, ఆమె చదివింది కూడా ఆ భవనంలోనే. అందుకే నెలాఖరు దాకా ఆగకుండా ఈ ఉత్తరం ముందే రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి. ఇంట్లో తెలుగు చదవడం రానివాళ్లుంటే పిల్లల చేత చదివించుకోండి.

ఆ ఎర్ర గుర్తులు కూల్చివేత గుర్తులు కావు. వచ్చినవాళ్లు విద్యాశాఖ ఇంజినీర్ల మనుషులు. గోడల్లో పగుళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో గీత పెట్టి, పక్కన తేదీ వేశారు. కొన్ని వారాల తర్వాత వచ్చి చూస్తే పగులు ఆ గీత దాటిందో లేదో తెలుస్తుంది. పగులు కదులుతోందంటే పునాదిలో లోపం ఉండొచ్చు, కదలకపోతే పాత గాయమే అన్నట్టు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. మన బడిని మూసేయమని గానీ, వేరే బడిలో కలపమని గానీ నాకు ఏ ఉత్తర్వూ రాలేదు. వస్తే దాచను.

భవనానికి తాళం వేయించింది నేనే. వెనక వరండా పైకప్పు నుంచి పెచ్చులు ఊడి పడ్డ రోజే పిల్లల్ని బయటికి తెచ్చాం. ‘చిన్న పెచ్చుకే ఇంత హడావిడి ఎందుకు మేడమ్’ అని కొందరు అడిగారు. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోది గ్రామంలో సర్కారు బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పొద్దున బడికి వెళ్లిన పిల్లలు వాళ్లు. ఆ వార్త చదివాక కూడా అనుమానం ఉన్న కప్పు కింద క్లాసు పెట్టమంటే నేను పెట్టను. ఒక గదిలో రెండు సెక్షన్లు కూర్చోవడం, పక్క ప్రైమరీ బడి వరండాలో ఆరో తరగతి నడపడం మీకెంత కష్టంగా ఉందో మా టీచర్లకు అంతకన్నా కష్టంగా ఉంది. అయినా పిల్లలు క్షేమంగా ఉన్నారు.

ఇక తాళం వేశాక ఏమవుతుందన్నదే అసలు భయం. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం మనందరికీ తెలిసిందే. 2020 జులైలో వాననీళ్లు లోపలికి వచ్చాక ఖాళీ చేయించి తాళం వేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగేదాకా ఆ పాత భవనాన్ని ఏం చేయాలన్న వాదనే సాగింది. ఆ పాత ఆసుపత్రి భవనాన్ని గీసిన విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్టే మూసీ ఒడ్డున సిటీ కాలేజీ భవనాన్నీ గీశాడు. అది కట్టి వందేళ్లు దాటింది, అక్కడ ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్నారు. మన సికింద్రాబాద్‌లోనే మహబూబ్ కాలేజీ ఉంది. 1862లో మొదలైన బడి అది, 1893 ఫిబ్రవరి 13న వివేకానంద స్వామి ప్రసంగించింది అక్కడే. పాతదైనంత మాత్రాన ఏ భవనమూ కూలదు. పట్టించుకునేవాళ్లు లేకపోతే కూలుతుంది.

మన భవనానికి ఏం జరిగిందో ఇంజినీరు గారు నాతో పాటు చుట్టూ తిరిగి చూపించారు. మీరూ తెలుసుకోవాలి. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో నూరి, మెత్తగా చేసి వాడేవాళ్లు. సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. ఎప్పుడో మరమ్మతు పేరుతో దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు. అప్పటినుంచి లోపలి చెమ్మకు బయటికి దారి లేదు. గోడ ఉప్పు పట్టి, పెచ్చులు పెచ్చులుగా ఊడటం మొదలైంది. కప్పు టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన ఇటుక ముక్కలు సున్నంలో కలిపి దిమ్మిసతో కొట్టిన మిద్దె. దూలం మధ్యలో గట్టిగానే ఉంది, గోడలోకి దిగిన కొనల దగ్గర చెమ్మకు మెత్తబడింది. వెనక వరండా దిగబడటానికి కారణం అదే. వీటికి తోడు మిద్దె మీద నీళ్ల ట్యాంకు పెట్టారు, పిట్టగోడలో రావి మొక్క వేళ్లూనుకుంది, వాన నీళ్లు పోయే తూములు మూసుకుపోయాయి. ఇందులో ఏ ఒక్కటీ భవనం వయసు తెచ్చిన జబ్బు కాదు. ముందు భాగం, అంటే పెద్ద హాలు, దానికి రెండు వైపులా ఉన్న గదులు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయని ఆయన నోటిమాటగా చెప్పారు. రాతపూర్వకంగా రిపోర్టు వచ్చేదాకా దాన్నే నమ్ముకోమని నేను మీకు చెప్పను, కానీ నా ఆశంతా ఆ మాట మీదే ఉంది.

ఆ పెద్ద హాలును మళ్లీ పిల్లల చేతికి ఇవ్వాలన్నది నా కోరిక. లైబ్రరీగా ఇవ్వాలి. మన బడిలో ఉన్న పుస్తకాలు ఇప్పుడు ట్రంకు పెట్టెల్లో, స్టోర్ రూములో, బియ్యం బస్తాల పక్కన ఉన్నాయి. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒక్క గదే ఉంటుంది. ఆ ఒక్క గదిలోనే వంట, టీవీ, చిన్న తమ్ముడు, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న నాన్న. అలాంటి పిల్లకు బడి అయ్యాక ఇంకో గంట కూర్చుని చదువుకోవడానికి ఎత్తైన కప్పు, గాలి వచ్చే కిటికీలు, నిశ్శబ్దం ఉన్న ఒక హాలు దొరికితే ఆమె జీవితం ఎలా మారుతుందో నేను కళ్లారా చూశాను. డబ్బున్నవాళ్ల పిల్లలు స్టడీ రూములు కొనుక్కుంటారు. మన పిల్లలకు ఆ హాలు ఉంది, దానికి తాళం ఉంది. ఆ తాళం తీయించడానికి ఎక్కడికైనా వెళ్తాను, ఎవరినైనా అడుగుతాను. వెనక వరండా నిలబడదని తేలితే తీసేసి, ఆ స్థలంలో కొత్త గదులు కట్టమనండి, నాకు అభ్యంతరం లేదు. మొత్తం చదును చేయాలంటే మాత్రం కారణం కాగితం మీద చూపించమని అడుగుతాను.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మన భవనం వారసత్వ కట్టడాల జాబితాలో లేదు. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను ప్రభుత్వం కూల్చాలనుకుంటే జనం కోర్టుకు వెళ్లారు, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. దానికి ఒక పేరుంది, చరిత్ర రాసినవాళ్లున్నారు. మన దానికి ఉన్నది ఇక్కడ చదివినవాళ్లు, ఇప్పుడు చదువుతున్నవాళ్లు మాత్రమే.

ఇక్కడ మన పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. పదో తరగతి అమ్మాయిలు నలుగురు త్రికోణమితి పాఠం అవగానే నా దగ్గరికి వచ్చి, పాత భవనం ఎత్తు కొలుస్తామన్నారు. భవనం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి వెళ్లొద్దన్నాను. వెళ్లలేదు. కోణమానినికి స్ట్రా అంటించి, దారానికి చిన్న రాయి కట్టి, గ్రౌండులో నిలబడి కోణం చూశారు. మర్నాడు నీడలతో, సరూప త్రిభుజాల పద్ధతిలో మళ్లీ కొలిచారు. రెండు లెక్కలకూ తేడా జానెడు కూడా లేదు. ఇంజినీరు గారు తన పరికరంతో చూసి, ‘ఈ లెక్క ఎవరు చేశారు’ అని అడిగినప్పుడు ఆ నలుగురి ముఖాలు మీరు చూసి ఉండాల్సింది. అందులో ఒకమ్మాయి ఎనిమిదిలో లెక్కల పరీక్ష అంటే జ్వరం తెచ్చుకునేది. ఎనిమిదో తరగతి బాబు ఒకడు బస్తీలో ఇల్లిల్లూ తిరిగి, ఈ బడిలో చదివిన పెద్దవాళ్ల మాటలు నోట్‌బుక్‌లో రాసుకొచ్చాడు. వాళ్ల తాత అక్కడ ఉర్దూ మీడియంలో చదివాడట, అమ్మ తెలుగు మీడియం, వీడు ఇంగ్లిష్ మీడియం. మూడు తరాలు, మూడు భాషలు, ఒకే హాలు. ఆ నోట్‌బుక్ నా టేబుల్ మీదే ఉంది, ఎవరైనా వచ్చి చదవొచ్చు. మన ఖో-ఖో అమ్మాయిలు సగం గ్రౌండుకు తాడు కట్టి ఉన్నా మిగతా సగంలోనే పొద్దున్నే ప్రాక్టీసు చేసి మండల స్థాయిలో గెలిచారు. ఆ పిల్లల్ని కన్న మీరు ధన్యులు.

ఇంత మంచి పిల్లలున్న ఇళ్లకే కొన్ని మాటలు కాస్త సూటిగా చెప్పాల్సి వస్తోంది, ఏమనుకోకండి. పాత భవనం వెనక గోడ అవతలి నుంచి రాత్రిపూట చెత్త కవర్లు వచ్చి పడుతున్నాయి. స్వచ్ఛ ఆటో ప్రతి పొద్దున గల్లీలోకి వస్తుంది. మీ ఇల్లు శుభ్రంగా ఉండటం నాకూ సంతోషమే. కానీ ఆ కవర్లు కాలువలో ఇరుక్కుని, నీళ్లు మన పునాది దగ్గరే నిలుస్తున్నాయి. బడి పాడైపోతోందని నా దగ్గర బాధపడేవాళ్లూ, ఆ కవర్లు వేసేవాళ్లూ ఒకే గల్లీలో ఉంటున్నారు. బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. అదంతా తీసి బాగుచేశాక 2022 డిసెంబరులో దాన్ని తెరిచారు. ఇప్పుడు జనం చూడటానికి వస్తున్నారు. అక్కడ మన పిల్లలను తీసుకెళ్లినప్పుడు, ‘మన బడిలో చెత్త ఎప్పుడు తీస్తారు మేడమ్’ అని వాళ్లు నన్ను అడిగారు. ఆ ప్రశ్న ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ఇంకొకటి, సాయంత్రాలు కొందరు మగపిల్లలు గోడ దూకి లోపలికి వెళ్లి రీల్స్ తీసుకుంటున్నారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఆ వీడియోలకు లైకులు కొట్టిన పెద్దలూ ఉన్నారు. కప్పు ఎప్పుడు ఎక్కడ ఊడుతుందో తెలియని చోట మీ బిడ్డ గెంతుతున్నాడంటే మీకు టెన్షన్ రావాలి. రాత్రి పన్నెండు దాకా ఫోను చేతిలో ఉన్న పిల్లలు మొదటి పీరియడ్‌లో నిద్రపోతున్నారు. పొద్దున ఏమీ తినకుండా, చేతిలో పది రూపాయల చిప్స్ ప్యాకెట్‌తో వస్తున్నారు. రెండు ఇడ్లీలో, రాత్రి అన్నం పోపు పెట్టో పెట్టి పంపండి. చుట్టాల పెళ్లికి వారం సెలవు అడిగే లీవు లెటర్లు పరీక్షల ముందు ఇక తీసుకోను.

మామూలు విషయాలు: ఎస్‌ఏ-1 పరీక్షల టైంటేబుల్ పిల్లల డైరీల్లో రాయించాం, అపార్ నంబరు (విద్యార్థి గుర్తింపు నంబరు) కోసం ఆధార్ వివరాలు ఇవ్వనివాళ్లు ఈ వారంలో ఇవ్వాలి, బతుకమ్మ ఎప్పటిలాగే బడి గ్రౌండులోనే, రెండో జత యూనిఫాం కుట్టి వచ్చింది, వచ్చి తీసుకెళ్లండి.

ఇప్పుడు టీసీల సంగతి. విద్యాహక్కు చట్టం కింద ఒకటి నుంచి ఐదు దాకా బడి కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. అదే చట్టం బడికి ఏ వాతావరణంలోనైనా తట్టుకునే భవనం, ఒక్కో టీచరుకు కనీసం ఒక తరగతి గది ఉండాలంటోంది. అంటే మనం అడుగుతున్నది దయ కాదు. కానీ పిల్లల సంఖ్య తగ్గితే, ‘ఈ బడికి ఇన్ని గదులెందుకు’ అన్న ప్రశ్న వస్తుంది, దానికి నా దగ్గర జవాబు ఉండదు. పుకారు విని మీరు ఈరోజు తీసుకున్న టీసీయే రేపు ఆ పుకారును నిజం చేస్తుంది. నిజంగా ఇల్లు మారుతున్నవాళ్లకు ఒక్క రోజులో టీసీ ఇస్తాను. భయంతో అడిగేవాళ్లు మాత్రం ముందు నాతో అరగంట మాట్లాడండి.

ఈ శనివారం పొద్దున పదిన్నరకు ప్రార్థన జరిగే చోట సమావేశం. చట్టం ప్రకారం పాఠశాల కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. పోయినసారి టీచర్లే ఎక్కువమంది కనిపించారు. ఈసారి రోజుకూలి డబ్బులు పోతాయనుకునేవాళ్లు ఇంట్లో ఒక్కరైనా రండి. ఇంజినీరు గారు కూడా వస్తానన్నారు, మీ సందేహాలు ఆయన్నే అడగండి. మరమ్మతు చేసి ముందు భాగం పిల్లలకు ఇవ్వాలని, రిపోర్టు కాపీ కమిటీకి ఇవ్వాలని జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ రాసి ఉంచాను. సంతకం పెట్టేముందు చదవండి, మార్చాల్సింది ఉంటే చెప్పండి. ఆ భవనంలో చదివిన తాతలు, నాయనమ్మలు ఉంటే వాళ్లనూ వెంట తీసుకురండి. పాత గ్రూపు ఫొటోలు, సర్టిఫికెట్లు ఉంటే తెచ్చి చూపించండి, ఫొటో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ల కోసం వెనక గేటు తెరిచి ఉంచుతాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు