కారులో మంటలార్పే సాధనం: ఎంపికలో చూడవలసినవి

సంపాదకులకు నమస్కారం.

కార్లు దగ్ధమైన వార్తలు చదివిన తరువాత మన శ్రీకాకుళం జిల్లాలో చాలామంది మంటలార్పే సిలిండరు కొంటున్నారు. సంతోషమే. అయితే దాన్ని డిక్కీలో సామాన్ల కింద పడేసి, నిశ్చింతగా ఉండటమే నన్ను కలవరపెడుతోంది.

నడుస్తున్న కారులో మంట ఎక్కువగా పుట్టేది ఇంజిన్ దగ్గరే. పెట్రోలు గొట్టం కారినా, వేడెక్కిన సైలెన్సర్ పైపు మీద ఆయిల్ పడినా, ఫ్యూజు లేకుండా అదనపు లైట్లకు వైరు లాగినా నిప్పు రాజుకుంటుంది. పొగ చూసి కంగారుగా బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి సోకి మంట ఎగదన్నుతుంది. అందుకే, స్తోమత ఉన్నవారు ఇంజిన్ పైన గొట్టం అమర్చే స్వయంచాలక పరికరాన్ని ముందుగా పరిశీలించాలని నా మనవి. వేడి తగిలినచోట ఆ గొట్టం పగిలి, సిలిండరులోని పదార్థం తనంతట తానే చిమ్ముతుంది.

ఆ పదార్థం పొడా, వాయువా అన్నది అసలు ప్రశ్న. వాయువు మరక మిగల్చదు; కానీ ఇంజిన్ గదికి కింద అడుగు తెరిచే ఉంటుంది గనుక, బండి ఆపి ఇంజిన్ కట్టేయకపోతే ఫ్యాను గాలికి అది క్షణాల్లో చెదిరిపోయి, కాలుతున్న ఇనుము మీద మంట మళ్లీ లేస్తుంది. ఏబీసీ పొడి (ఘన పదార్థాలు, ద్రవాలు, వాయువుల మంటలు మూడింటికీ పనికొచ్చేది) మంటను గట్టిగా అణచుతుంది. కాకపోతే అందులోని మోనో అమ్మోనియం ఫాస్ఫేటు తేమ తగిలితే అల్యూమినియాన్ని, వైర్ల కొసలను తినేస్తుంది. మన సముద్రపు గాలిలో ఆ పని మరింత త్వరగా జరుగుతుంది కనుక వెంటనే శుభ్రం చేయించాలి. అయినా ప్రాణం ముందు ఆ ఖర్చు ఎంత? పెట్రోలు, డీజిలు కార్లకు పొడినే నేను ఎంచుకుంటాను.

దీనికి తోడు ఐఎస్ 15683 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఐఎస్ఐ గుర్తున్న చిన్న సిలిండరు ఒకటి డ్రైవరు చేతికందేలా, బ్రాకెట్‌తో బిగించి ఉండాలి. సిలిండరు మీద ఒత్తిడి చూపే ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో చూస్తూ ఉండాలి. కుదుపులకు పొడి అడుగున గడ్డకడుతుంది కాబట్టి అప్పుడప్పుడు తలకిందులు చేసి కదిలించాలి. విద్యుత్తు కారు బ్యాటరీ అంటుకుంటే మాత్రం ఇవేవీ సరిపోవు. అందరూ దిగి దూరం జరిగి, 101కు ఫోన్ చేయాలి.

బస్సులలో ఇటువంటి పరికరాలకు ఏఐఎస్-135 అనే వాహన పరిశ్రమ ప్రమాణం ఉంది. సొంత కారుకు ఏది కొనాలో చెప్పేవారు కావాలి గనుక, రవాణా, అగ్నిమాపక శాఖలు కలిసి టెక్కలి, పలాస, నరసన్నపేట ఆర్టీసీ కాంప్లెక్సుల వద్ద ఈ పరికరాలను వెలిగించిన మంట మీదే ప్రయోగించి చూపాలని, మీ పత్రిక ఆ విషయం అధికారుల దృష్టికి తేవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా