మొక్క కట్టే ముందు మీ అడ్రస్ మళ్లీ ఎందుకు అడుగుతున్నామంటే

కడియపులంకలోని మా నర్సరీ నుంచి పోస్టులో మొక్కలు తెప్పించుకుంటున్న వారందరికీ నమస్కారమండి. ఈ తొలకరి నుంచి పాత అడ్రస్ చూసి నేరుగా పార్సిల్ కట్టడం ఆపేశాం. పోయినేడాది మీరిచ్చిన అడ్రస్ మా పుస్తకంలో ఉన్నా సరే, దాన్ని మీకు వాట్సాప్‌లో పంపి సరిచూడమంటాం. మీరు జవాబిచ్చాకే మొక్కను సంచిలోంచి తీస్తాం. ఒక రోజు ఆలస్యమవుతుంది, కొందరికి విసుగ్గానూ ఉంటుంది. అయినా ఈ పద్ధతి మార్చం.

చీర తిరిగొస్తే మళ్లీ పంపొచ్చు. మొక్కకు ఆ వీలు లేదు. బరువు తగ్గడానికి మట్టి చాలావరకు దులిపి, వేరు చుట్టూ తడి కొబ్బరిపొట్టు పెట్టి, పాలిథిన్‌తో బిగించి పెట్టెలో నిలబెడతాం. ఆ తడి నాలుగైదు రోజుల చీకటికి సరిపోతుంది. ఆపైన ఆకు పసుపు తిరిగి రాలుతుంది, గాలాడక బూజు పడుతుంది. గులాబీ ఆకంతా రాల్చినా కాండం పచ్చగా ఉంటే మళ్లీ చిగురేస్తుంది. మామిడి, సపోటా అంట్లకు ఆ ఓర్పు తక్కువ, అంటు కట్టిన చోటికి పైనున్న కొమ్మే ముందు ఎండుతుంది. అడ్రస్ దొరకని పార్సిల్ వెళ్లిన దూరమంతా వెనక్కి రావాలి కదా. తీసుకునేవారు లేకపోతే పోస్టాఫీసులో వారం దాకా ఉంచి, అప్పుడు తిప్పి పంపుతారు. మా దగ్గరకు చేరేసరికి అందులో బతికున్నది ఏమీ ఉండదు.

ఎక్కువ దెబ్బ కొట్టేది పిన్‌కోడ్. అమలాపురం 533201, భీమవరం 534201. తేడా ఒక్క అంకె. మూడో అంకె దగ్గర చెయ్యి జారితే కోనసీమలో దిగాల్సిన పెట్టె వశిష్ట దాటి భీమవరం చేరుతుంది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చినప్పటి నుంచీ లెక్క ఇదే: మొదటి అంకె 5 అంటే మన రాష్ట్రం, తెలంగాణ, కర్ణాటక ఉన్న జోన్. మొదటి మూడంకెలు కలిపి సార్టింగ్ జిల్లా, అంటే పోస్టు విడగొట్టే ప్రాంతం. చివరి మూడంకెలు ఉత్తరం బట్వాడా చేసే పోస్టాఫీసు. దారిలో కట్టలు విడగొట్టేది ఈ అంకెల మీదే. ఊరి పేరు శ్రద్ధగా చదివేది చివరాఖర్న. అందుకే ఊరు సరిగ్గా రాసి పిన్ తప్పు రాస్తే, పార్సిల్ పిన్ చెప్పిన చోటికే పోతుంది.

పల్లెటూళ్లలో ఇంకో చిక్కుంది. బ్రాంచి పోస్టాఫీసుకు, అంటే ఊళ్లో ఉండే చిన్న పోస్టాఫీసుకు, విడిగా పిన్ ఉండదు, అది ఏ సబ్ పోస్టాఫీసు కింద ఉంటే దాని పిన్నే. ఒకే పిన్ కింద పది ఊళ్లు కూడా ఉండొచ్చు. కాబట్టి పిన్ ఒక్కటే రాసి ఊరుకుంటే చాలదు, మీ బ్రాంచి పోస్టాఫీసు పేరు రాయాలి. మీ ఊళ్లో పోస్టాఫీసు లేకపోతే ఏ ఊరి నుంచి పోస్టుమ్యాన్ వస్తారో ఆ ఊరి పేరు రాయండి. ఒక్కోసారి బ్రాంచిని ఒక సబ్ పోస్టాఫీసు కింది నుంచి ఇంకోదాని కిందకి మారుస్తారు, దాంతో పిన్ మారుతుంది. ఆధార్ కార్డు మీద మాత్రం పాతదే మిగిలిపోతుంది. కార్డు చూసి రాయకుండా మీ బ్రాంచి పోస్టుమాస్టరు గారిని ఒకసారి అడగండి, లేదా తపాలా శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి.

జిల్లా సంగతి అందుకు వ్యతిరేకం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి గానీ పిన్‌లు అలాగే ఉన్నాయి. అమలాపురం వారు తూర్పు గోదావరి అని రాసినా పిన్ సరిగ్గా ఉంటే చేరుతుంది. అయినా కోనసీమ అనే రాయండి. ఎందుకంటే మనవైపు ఊళ్ల పేర్లు వేరేచోట్లా ఉన్నాయి. కోనసీమలో పి.గన్నవరం ఉంది, విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరమూ ఉంది. రామచంద్రపురం ఇక్కడా ఉంది, హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్ పక్కనా ఉంది. కొత్తపేటలకైతే లెక్కే లేదు.

మాకు తరచూ వచ్చే మెసేజీ ఇలా ఉంటుంది: "సత్తిబాబు, రామాలయం దగ్గర, కొత్తపేట." ఏ కొత్తపేట? ఏ సత్తిబాబు? ఒకే వీధిలో ఆ పేరున్నవాళ్లు ముగ్గురుంటారు. ఇంటిపేరుతో పూర్తి పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, డోర్ నంబరు, వీధి, ఊరు, బ్రాంచి పోస్టాఫీసు, మండలం, జిల్లా, పిన్, ఫోన్ నంబరు కావాలి. గుడి, చెరువు గట్టు లాంటి గుర్తులు అదనంగా రాస్తే మేలే గానీ డోర్ నంబరు బదులు రాయొద్దు. అద్దెకుంటే కేరాఫ్ పెట్టి ఇంటివాళ్ల పేరు రాయండి, పోస్టుమ్యాన్‌కి తెలిసింది వాళ్లే.

ఫోన్ నంబరు ఎవరిదన్నది కూడా ముఖ్యమే. ఆర్డరు పెట్టేది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న అబ్బాయి, మొక్క అందుకునేది ఊళ్లో నాన్నగారు. పెట్టె మీద అబ్బాయి నంబరుంటే పోస్టుమ్యాన్ ఫోన్ చేసినప్పుడు అక్కడ అర్ధరాత్రి. ఓటీపీ చెబితేనే ఇచ్చే స్పీడ్ పోస్టయితే ఆ ఓటీపీ కూడా ఆ నంబరుకే వెళ్తుంది. ఇంట్లో ఉండేవారి నంబరివ్వండి. కొందరు రిజిస్టర్డ్ పోస్టులో పంపమంటున్నారు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు, మేం పంపేది స్పీడ్ పోస్టులోనే.

మా వైపు చేసేది కూడా చెప్పాలి. తడి పెట్టె కాబట్టి మామూలు పెన్ను సిరా కరిగిపోతుంది, 1 కాస్తా 7లా కనబడుతుంది. అడ్రస్ ప్రింటు తీసి పైన పారదర్శక టేపు వేస్తున్నాం, ఇంకో కాపీ పెట్టె లోపల వేస్తున్నాం. ఇతర రాష్ట్రాలకు ఇంగ్లీషులోనే రాస్తాం కాబట్టి, మీ పేరు స్పెల్లింగు మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే పంపండి. ఆదివారం పెట్టె గోదాములో కూర్చోకుండా గురువారం తర్వాత ఏదీ పోస్టు చేయం. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తే లంక గ్రామాల పార్సిళ్లు ఆపేస్తాం. కనకాయలంక లాంటి చోట కాజ్‌వే మునిగితే పోస్టు సంచీ కూడా పడవ కోసం ఆగాల్సిందే.

పోస్టు చేసిన రోజే మీకు 13 అక్షరాల ట్రాకింగ్ నంబరు పంపుతాం, చివర ఐఎన్ అని ఉంటుంది. దాన్ని రోజూ చూస్తుండండి. "డోర్ లాక్డ్" అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, పెట్టె ఇంకా మీ పోస్టాఫీసులోనే ఉంది. గుర్తింపు కార్డు పట్టుకుని మర్నాడే వెళ్లి తెచ్చుకోండి. "ఇన్‌సఫిషియంట్ అడ్రస్" అన్నా అంతే, వెంటనే వెళితే దొరుకుతుంది. "లెఫ్ట్" అంటే మీరు ఇల్లు మారారని పోస్టుమ్యాన్ రాసేశారు, అది వెనక్కి బయల్దేరుతుంది. ఇల్లు మారేవారు పాత అడ్రస్‌కి బట్వాడా చేసే పోస్టాఫీసులో కొత్త అడ్రస్ రాసి దరఖాస్తు ఇవ్వండి, అటొచ్చినవి ఇటు మళ్లిస్తారు. కానీ మొక్కకు అది చుట్టుదారి, కాబట్టి మాకూ చెప్పండి.

డబ్బు విషయం దాచకుండా చెబుతాం. మా ప్యాకింగు వల్ల మొక్క చెడితే పెట్టె విప్పుతున్న ఫోటో రెండు రోజుల్లో పంపండి, ఇంకోటి ఉచితంగా పంపుతాం. మీరు సరిచూసి ఖాయం చేసిన అడ్రస్ తప్పయి తిరిగొస్తే మొక్క ఖరీదులో సగం, పోస్టు ఖర్చు మొత్తం మీదే. ఇది చిన్న నర్సరీ, రెండు వైపుల నష్టం మేం మోయలేం.

మామిడి అంట్లకు డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారు బుధవారం సాయంత్రంలోగా అడ్రస్ ఖాయం చేస్తే గురువారం పోస్టు చేస్తాం. ఆ తర్వాత వచ్చినవి సోమవారం.