గోడ ఆరిందిరా సీనూ

సైదాపేట, మద్రాసు
15 సెప్టెంబరు 2024, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సీనూ,

కొత్త ఇంటికి సున్నం పూయించొచ్చా అని అడుగుతూ జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. ఎందుకు ఆలస్యమైందో చదివితే నీకే తెలుస్తుంది. ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను: చిన్నది ప్లస్ టూ గట్టెక్కి బీకాంలో చేరింది, అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నాకు అంబత్తూరు ఆఫీసే ఖాయమైంది. అంతే.

గోడ ఆరిందిరా! ముందుగదిలో వీధివైపు గోడ. ఈ పొద్దున అరచెయ్యి ఆనించి చూశాను, నమ్మకం చాలక చెంప కూడా ఆనించాను. చల్లగా, పొడిగా ఉంది. అమ్మని పిలిచాను. ఆవిడ చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడి, ‘నా మంచం ఇక్కడికి తెచ్చి వెయ్యి’ అని మాత్రం అంది. ఎన్నేళ్ళకి!

2015 డిసెంబరు వరద నీకు గుర్తుందిగా. నువ్వే కదా ఆ పడవవాడితో... సరే, ఆ సంగతి రాయను, ఈ ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది. అడయారు పొంగి మా ఇంట్లో మోకాలి దాకా నీళ్ళొచ్చాయి. ముత్తాత డంగు సున్నంతో కట్టిన ఇల్లు ఇక నిలవదేమోనని నాన్న హడలిపోయాడు. పీఎఫ్ డబ్బు తీసి, మరుసటి వేసవిలో పాత సున్నపు పూత మొత్తం కొట్టించి సిమెంటు పూయించాడు. దానిమీద లప్పం, దానిమీద నీరు పట్టని రంగు. పని అయిపోయిన రోజు వసారాలో కుర్చీ వేసుకుని గోడల్నే చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు దక్కించుకున్నానన్న నిబ్బరం ఆ మొహంలో.

ఆ పై ఏడు గోడ అడుగున నిమ్ము కనిపించింది. 2019 నాటికి నడుం దాకా ఎక్కింది. మొన్న 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను పోయాక (మీ నెల్లూరుకీ తగిలిందిగా) నా గుండెల ఎత్తుకొచ్చింది. రంగు బుడగలు లేచేది, గోటితో గిల్లితే లోపల్నించి దూదిలాంటి తెల్లటి ఉప్పు రాలేది. మేస్త్రి వచ్చినప్పుడల్లా చెడిన మేర చెక్కి మళ్ళీ సిమెంటే పూసేవాడు. అమ్మ మంచం వంటింటి పక్కకి మార్చాం. నాన్న పోయేనాటికి కూడా ఆ గోడ తడిగానే ఉంది.

ఈ మార్చిలో ఒక గుడి మరమ్మతు పని ముగించుకున్న సున్నపు పని చేసే కారైక్కుడి పెద్దాయన ఒకరిని ఇంటికి పిలుచుకొచ్చాను. డెబ్బై ఏళ్ళుంటాయి. తాపీ పిడితో గోడ మీద అక్కడక్కడా తట్టి, చెవి పెట్టి విన్నాడు. ‘ముక్కూ నోరూ కట్టేశారు తంబీ’ అన్నాడు. ఆయన తమిళంలో అన్న ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. నేలలోని చెమ్మ ఇటుకల్లోకి ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుందట. పాత సున్నపు పూతకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, ఆ చెమ్మ వాటి గుండా ఆవిరై పోయేది. మనం సిమెంటుతో ఆ దారి మూసేశాం. నీళ్ళు ఊరుకుంటాయా? బయటపడే చోటు దొరికే దాకా పైకి పాకాయి, నేలలోని ఉప్పుని కూడా మోసుకుని. మనం ఎంత ఎత్తు పూస్తే అంత ఎత్తు! ఎనిమిదేళ్ళుగా మేం డబ్బు పోసి నిమ్ముని పైకి ఎక్కించామన్నమాట.

ఏప్రిల్లో కొట్టడం మొదలుపెట్టాం. మొదటి సుత్తి దెబ్బకే అమ్మ బయటికొచ్చి, ‘మీ నాన్న చేయించింది కదరా’ అంది. నా దగ్గర జవాబు లేదు. పని ఆపమన్నాను. పెద్దాయన బీడీ కూడా వెలిగించకుండా మెట్ల మీద కూర్చున్నాడు. అరగంటకి అమ్మే వచ్చి, ‘కొట్టమను. ఆయన కోరుకుంది కూడా గోడ బాగుండాలనేగా’ అంది. సిమెంటు పలకలు పలకలుగా ఊడిపడింది. వెనక ఇటుకలు నల్లగా ఉన్నాయి. చుక్క వాన లేని ఏప్రిల్‌లో, ఇటుకల సందున మాలు (ఇటుకల్ని అతికే సున్నం ముద్ద) నొక్కితే తడి నువ్వులపిండిలా వేలికి అంటుకుంది. నాన్న ఉండి ఇది చూసి ఉంటే... వద్దులే.

రెండు నెలల పైన గోడని అలా బోసిగా వదిలేశాం. వీధిలో అందరూ ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారా అని అడిగారు. ఆరుతున్న కొద్దీ ఉప్పు పైకి పూసేది, రోజూ పొద్దున్నే పొడి కుంచెతో దులపడం నా పని. నీళ్ళతో కడగొద్దన్నాడు. కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది.

ఇక సున్నం విరవడం! నువ్వు ఉండాల్సింది ఆ రోజు. బస్తాల్లో గుల్ల సున్నం వచ్చింది, కాల్చిన గవ్వలు, చిప్పలు. పెరట్లో తొట్టి నింపి, నీళ్ళలో సున్నం వెయ్యాలే తప్ప సున్నం మీద నీళ్ళు పోయకూడదని ముందే హెచ్చరించాడు. అందర్నీ దూరంగా నిలబెట్టాడు, కళ్ళలో పడితే చూపు పోతుంది. గంపెడు వేశాడో లేదో తొట్టి బుసకొట్టింది. కింద పొయ్యి లేదు, నిప్పు లేదు, నీళ్ళు కుతకుత ఉడికాయి! ఆవిరి మా మునగచెట్టు కొమ్మల దాకా లేచింది. ఇంటర్లో మన కెమిస్ట్రీ మాస్టారు బోర్డు మీద రాసిన సమీకరణం కళ్ళముందు ఉడుకుతోంది. గవ్వని కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది, నీళ్ళు పడితే సున్నం విరుగుతుంది, గోడకి పూశాక గాలిలోంచి అదే వాయువుని తిరిగి పీల్చుకుని మళ్ళీ గవ్వంత గట్టిపడుతుంది. మా గోడ మీద ఇప్పుడున్నది ఒకరకంగా గవ్వేరా. రాస్తుంటే ఒళ్ళు పులకరిస్తోంది.

వెన్నలా అయ్యేదాకా నీళ్ళ కిందే నానబెట్టాం. ఇంకో డ్రమ్ములో నలగ్గొట్టిన కరక్కాయ, బెల్లం ఊరేశాం. వారానికి ఇల్లంతా పులిసిన వాసన. ఆ నీళ్ళు మాలుకి జిగురు, పట్టు ఇస్తాయి. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక, కొంచెం ఇటుక పొడి, అదే సుర్కీ. వేలెడు మందం ఒక్కసారే పూసేస్తే బీటలిస్తుంది. అర అంగుళం లోపు ఒక పూత, వారం పైన ఆగి ఇంకోటి. సన్న బీటలు కనిపిస్తే చెక్కతో తట్టి మూయడం. ఎండ తగలకుండా తడి గోనెసంచులు వేలాడదీయడం. తొందర పెట్టానని ఒకసారి నన్ను కసిరాడు కూడా: ‘అన్నం కాదు తంబీ, ఆవకాయ’ అన్నట్టు ఏదో తమిళ సామెత చెప్పాడు, తెలుగులో నాకు అలా వినిపించింది.

దేవుడి గూడు ఉన్న గోడకి మాత్రం మద్రాసు మెరుగు చేయించాను, తెల్లవాళ్ళు పాలరాయని భ్రమపడ్డ పూత అదే. దానిలో కోడిగుడ్డు తెల్లసొన కలపాలి. అమ్మ ససేమిరా అంది. పెద్దాయన నవ్వి, పెరుగుతో చేస్తానన్నాడు, అదీ పాత పద్ధతేనట. పూత పచ్చిగా ఉండగానే నున్నటి గులకరాయితో పొద్దుగూకే దాకా రుద్దాడు. నాలుగు రోజులు గోడ సన్నగా చెమర్చింది, మెత్తటి గుడ్డతో అద్దుతూ ఉన్నాం. ఇప్పుడు ట్యూబ్‌లైటు గీత గోడలో కనిపిస్తుంది.

నీ కొత్త ఇంటి సంగతి అడిగావు కదా, సున్నం పూయించొచ్చా అని. ఇటుక గోడలకి నిశ్చింతగా పూయించు. కాంక్రీటు స్తంభాలకి, బీములకి మాత్రం అలాగే పూస్తే నిలవదు, నున్నగా ఉంటాయి. గాట్లు పెట్టించాలి, ఇటుకా కాంక్రీటూ కలిసేచోట జాలీ కొట్టించాలి. వాన కొట్టే గోడకి హైడ్రాలిక్ సున్నం అని దొరుకుతుంది, అది నీళ్ళతోనూ గట్టిపడుతుంది. త్వరగా ఆరాలని మేస్త్రి గుప్పెడు సిమెంటు కలుపుతానంటే ఒప్పుకోకు. అన్నిటికన్నా ముఖ్యం, పూశాక దానిమీద లప్పం, ప్లాస్టిక్ రంగు వేశావో, ఇంత చేసీ ముక్కు మూసినట్టే. పల్చటి సున్నమే నాలుగైదు చేతులు కొట్టించు. కొట్టినప్పుడు నీళ్ళలా ఉండి మర్నాటికి తెల్లబడుతుంది, భయపడకు. ఇంకోటి, పైపు కారుతుంటే సున్నం ఏం చెయ్యలేదు. ముందు ఆ పైపు బాగుచేయించు. కింది నుంచి వచ్చే చెమ్మని కూడా సున్నం ఆపదు, వచ్చినదాన్ని పోనిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఈసారి వచ్చినప్పుడు చేపాక్కం తీసుకెళ్తాను. 2012లో కాలిపోయిన కలస్ మహల్‌ని సున్నం, కరక్కాయ, బెల్లంతోనే నిలబెట్టారు. 1768 నాటి నవాబుగారి కట్టడం అది. మన దేశంలో సిమెంటు తయారీ మొదలైందే ఈ ఊళ్ళో, 1904లో. అయినా మా ముత్తాత ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి ఇల్లు కడుతూ సున్నాన్నే నమ్మాడు. ఎందుకో అడగడానికి ఇప్పుడు...

అమ్మ పిలుస్తోంది. హాలు గోడకి నిన్ననే రెండో పూత పడింది, సంచులు ఎండిపోతున్నాయట. ఐప్పసి (అక్టోబరు మధ్యలో వచ్చే తమిళ నెల) వానలు మొదలయ్యేలోపు అది ఆరాలి. నీ ఇటుకలు ఎక్కడివో రాయి.