షియాన్‌లో రొట్టె తుంచడం నేర్పిన పెద్దమ్మకు

చైనాలోని షియాన్ నగరంలో, డ్రమ్ టవర్ వెనక ముస్లిం వీధుల్లో ఓ చిన్న హోటల్లో నా పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దమ్మా, మీకు కృతజ్ఞతలు. మీ పేరు తెలీదు. మీ భాష నాకు రాదు.

యాంగ్‌రౌ పావ్‌మో అంటే మటన్ పులుసులో రొట్టె ముక్కలని వినే వెళ్లాను. తీరా చూస్తే ఖాళీ గిన్నె, గట్టి రొట్టెలు నా ముందు పెట్టి వెళ్లిపోయారు! మీరు ముందు చేతులు కడుక్కోమని సైగ చేశారు. తర్వాత రొట్టెను పొరలుగా విడదీసి, శనగగింజంత ముక్కలుగా గిల్లి చూపించారు. పెద్దగా తుంచితే లోపలికి పులుసు దిగదు మరి. నేను విసుక్కుని పెద్ద ముక్క వేస్తే, మీరు తీసి మళ్లీ గిల్లారు. (కొన్ని చోట్ల యంత్రంతో కోసిన ముక్కలూ ఇస్తారట. తొందరున్నవాళ్లకు సరే.)

ఆ గిన్నె నంబరు బిళ్లతో వంటింట్లోకి వెళ్లి, పులుసు, మాంసం, సేమ్యాలాంటి గాజు నూడుల్స్‌తో ఉడికి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. కలపొద్దని, అంచు నుంచి తినమని చూపించారు. అలాగైతే మధ్యలో వేడి నిలుస్తుంది. తీపి ఊరగాయ వెల్లుల్లి కొరకమన్నారు. అది లేకపోతే ఆ కొవ్వు పులుసును సగంలోనే వదిలేసేదాన్ని.

చైనా తిండి అంటే మంచూరియా, ఫ్రైడ్ రైస్ అనుకునే హైదరాబాద్ మనిషిని. ఉత్తరాన గోధుమదే రాజ్యమని మీ పక్కన కూర్చున్నాకే తెలిసింది.

మీ గిన్నె వచ్చి చల్లారిపోతున్నా నాకు చూపించడం ఆపలేదు. చాలా థాంక్సండీ.