టామ్ అండ్ జెర్రీని గీసినవాళ్ల పేర్లు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో టామ్ అండ్ జెర్రీ మీద వచ్చిన వ్యాసం చదివాను. బొమ్మలు పెద్దవిగా, పిల్లలు కత్తిరించి దాచుకునేలా వేశారు. సంతోషం. కానీ వాటిని గీసినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ‘ఎంజీఎం సంస్థ సృష్టి’ అని, ఆ హాలీవుడ్ స్టూడియో పేరు ఒక్క ముక్కతో సరిపెట్టారు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి, నాకు మనసు చివుక్కుమంది.

ఆ జంట తొలిసారి కనిపించింది 1940 ఫిబ్రవరిలో విడుదలైన ‘పుస్ గెట్స్ ద బూట్’ అనే తొమ్మిది నిమిషాల కార్టూన్‌లో. అప్పటికి ఆ పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. ఎలుకకైతే తెరమీద పేరే లేదు. జాస్పర్ ఇప్పటి టామ్ కంటే బొచ్చుపిల్లి, ఒంటిమీద గీతలెక్కువ, మామూలు పిల్లిలాగే ఎక్కువగా నాలుగు కాళ్లమీద తిరుగుతాడు.

మొదట్లోనే జాస్పర్ గోడమీద సిరాతో ఎలుక కన్నం బొమ్మ గీస్తాడు. ఎలుక అది నిజం కన్నమే అనుకుని పరుగున వెళ్లి గోడకి గుద్దుకుని పడిపోతుంది. నేను ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ ముక్క చూపించి, నల్లరంగు ఒక్కటే పూస్తే గోడకి లోతు ఎలా వచ్చిందో గీయించేవాణ్ణి. ఆ పీరియడ్‌లో బెల్లు కొట్టినా ఎవరూ లేచేవారు కాదు.

ఆ తరవాత ఇంట్లో పూలకుండీ పగులుతుంది. ఇంకొక్కటి పగిలిందంటే బయటికి గెంటేస్తానని పనిమనిషి జాస్పర్‌ని హెచ్చరిస్తుంది. (నల్లజాతి స్త్రీని అలా చూపించడం మీద తరవాత అభ్యంతరాలొచ్చాయి. అవి న్యాయమైనవే.) ఎలుకకి ఆ మాట చాలు. గాజుగ్లాసుని బల్ల అంచుకి జరిపి, తోసేస్తానన్నట్టు నిలబడుతుంది. మీదికి దూకబోయిన పిల్లి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. చివరికి చేతినిండా పళ్లేల దొంతరతో కదల్లేక నిలబడ్డ జాస్పర్‌ని ఎలుక ఒక్క తన్ను తన్నేసరికి పళ్లేలన్నీ భళ్లుమంటాయి, పనిమనిషి పిల్లిని బయటికి గెంటేస్తుంది. ఎవరికి బలముందో, ఎవరికి భయముందో ఒక్క సంభాషణ లేకుండా ఆ రెండు ఒళ్ల వంపుల్లోనే తెలిసిపోతుంది. అది గీత గొప్పతనం.

దీన్ని ఊహించి నడిపించినవాళ్లు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. తెరమీద పడ్డది మాత్రం నిర్మాత రుడాల్ఫ్ ఐసింగ్ పేరు. జాక్ జాండర్, పీట్ బర్నెస్ లాంటి యానిమేటర్ల పేర్లూ లేవు. సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అయినా ఎంజీఎం కార్టూన్ స్టూడియో పెద్ద ఫ్రెడ్ క్వింబీ ఇంకో పిల్లీ ఎలుకా కథ వద్దన్నాడు. టెక్సాస్‌లో సినిమా హాళ్ల వ్యాపారంలో ఉన్న బెస్సా షార్ట్ అనే ఆవిడ, ఆ పిల్లీ ఎలుకల సినిమాలు మళ్లీ ఎప్పుడొస్తాయని ఉత్తరం రాసింది. ఆ తరవాతే సిరీస్ మొదలైంది. స్టూడియోలో పెట్టిన పేర్ల పోటీలో టామ్, జెర్రీ అన్న పేర్లు సూచించి యాభై డాలర్లు గెలుచుకున్నది జాన్ కార్ అనే యానిమేటర్. ఆ సిరీస్‌కి తరవాత ఏడు ఆస్కార్లు వచ్చాయి. వేదికెక్కి అందుకున్నది క్వింబీ. హన్నా, బార్బెరాలను పైకి పిలవలేదు.

ఇదంతా ఎప్పటిదో, ఎక్కడిదో అనుకోకండి. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో బొమ్మలు గీస్తుంది. కుందేలు చెవి వాల్చి ఎత్తే ఒక్క కదలిక కోసం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్న రోజులున్నాయి. ఆ సీరియల్ టీవీలో వచ్చినప్పుడు మేమంతా కూర్చుని చూశాం. కథ అయిపోగానే పేర్లు మొదలవుతుండగా ప్రకటన వేసేశారు. అమ్మాయి ఏమీ అనలేదు గానీ, వాళ్లమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిల్లల ఛానళ్లవాళ్లు చివరి పేర్లు పూర్తిగా నడవనివ్వాలని మీ పత్రిక గట్టిగా రాయాలి. మీ పేజీలో వేసే ప్రతి కార్టూన్ బొమ్మ కిందా గీసినవాళ్ల పేరు వేయండి. వచ్చే ఆదివారమే హన్నా, బార్బెరా, జాండర్, బర్నెస్, కార్ పేర్లతో మొదలుపెట్టండి.

— రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, తెనాలి