అమ్మ చేతికి సెలైన్ పెడితే ఆమె మాట ఆగిపోతుంది, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి నమస్కరించి రాస్తున్నాను. ఇది నా అయిదో ఉత్తరం. ముందు నాలుగూ అర్జీలుగా ఇచ్చాను. నాలుగింటికీ రసీదు నంబర్లు వచ్చాయి. కొన్నాళ్లకు నాలుగింటికీ 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఒకదానికి పరిష్కారం కింద, మా అమ్మకి పింఛను అందుతోందని రాశారు. అందుతోంది, అబద్ధం చెప్పను. నెలకి 6 వేలు ఇంటికి తెచ్చి చేతిలో పెడుతున్నారు, ఆ డబ్బు మాకు చాలా ఆసరా. కానీ నేను అడిగింది పింఛను కాదు. సైగల భాష ఇంటర్‌ప్రెటర్ కోర్సు తిరుపతిలో పెట్టమని అడిగాను. నాలుగుసార్లూ అదే అడిగాను. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా అమ్మా నాయనా ఇద్దరూ పుట్టు బధిరులు. నాయన ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తాడు. అమ్మ ఇంట్లోనే పూలు కడుతుంది, మూరల లెక్కన డబ్బిస్తారు. నాకు వినిపిస్తుంది. నాలాంటి పిల్లల్ని కోడాలంటారని మీ శాఖకి తెలుసు. అమ్మ పూలు కట్టేటప్పుడు మాట్లాడదు, రెండు చేతులూ పూలలోనే ఉంటాయి కాబట్టి. ఏదైనా చెప్పాలనుకుంటే దారం కొస పళ్ల మధ్య పట్టుకుని, చేతులు ఖాళీ చేసుకుని చెప్తుంది. చామంతులు కట్టిన రోజు ఆమె మాటలన్నీ నాకు చామంతి వాసనే వస్తాయి.

ఏ ఆఫీసుకి వెళ్లినా నాకు ఒకటే జవాబు వస్తోంది. 'ఇంట్లో నువ్వున్నావు కదమ్మా, నువ్వు చెప్పొచ్చు కదా.' ఈ ఒక్క మాటకి జవాబు చెప్పుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

2013లో నేను ఏడో తరగతి. అమ్మకి రక్తస్రావం ఆగకపోతే నాయన ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మాట్లాడటానికి నన్ను స్కూలు నుంచి పిలిపించారు, యూనిఫాంలోనే వెళ్లాను. డాక్టరమ్మ నెమ్మదిగా, మర్యాదగానే చెప్పింది. గర్భసంచి తీసేయాలి, తప్పదు, అమ్మకి అర్థమయ్యేలా చెప్పి సంతకం పెట్టించు అంది. నాకప్పుడు పన్నెండేళ్లు. గర్భసంచి అంటే ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. దానికి సైగ ఎక్కడినుంచి తేను? కడుపు మీద చెయ్యి పెట్టి చూపించాను. 'లోపల చెడిపోయింది, కోస్తారు, తీస్తారు, నొప్పి పోతుంది' అని చెప్పాను. అమ్మ తల ఊపింది. ఏదో గడ్డ తీస్తారనుకుంది. సంతకం పెట్టింది.

తర్వాత కుడిచేతికి సెలైన్ సూది గుచ్చి, కదలకుండా అట్టముక్క పెట్టి ప్లాస్టర్ చుట్టేశారు. అమ్మ కుడిచేత్తోనే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ రెండు రోజులూ ఎడమచేత్తో సగం సగం సైగలు చేసింది. మంచినీళ్లు అడిగిందా, నాయన్ని అడిగిందా అని చాలాసార్లు నాకే తెలియలేదు. పక్కన ఇంటర్‌ప్రెటర్ ఉంటే నర్సుకి ఒక్క మాట చెప్పేవాళ్లు, ఆ సూది ఇంకో చేతికి పెట్టండమ్మా అని. నాకు ఆ మాట తోచలేదు.

రెండేళ్ల తర్వాత ఒకరోజు మా పిన్ని కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, నీకూ ఒక తమ్ముడుంటే బాగుంటుంది కదా అని అమ్మ నన్ను అడిగింది. అప్పటికి నేను తొమ్మిదికి వచ్చాను, సైన్సు పుస్తకంలో చదువుకున్నాను. అమ్మకి పిల్లలు పుట్టే వీలు లేదని, ఆ రోజు ఆసుపత్రిలో తీసింది అదేనని నేనే చెప్పాల్సి వచ్చింది. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పాపని పక్కన పడుకోబెట్టి, బుట్ట దగ్గరికి లాక్కుని పూలు కట్టడం మొదలుపెట్టింది. చీకటి పడేదాకా చేతులు ఆపలేదు.

'నువ్వున్నావు కదా' అని ఎవరన్నా అంటే నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది మంత్రి గారూ.

అందుకే నేర్చుకోవాలనుకున్నాను. ఇంటర్ పాసైతే రెండేళ్ల ఇంటర్‌ప్రెటర్ డిప్లొమాకి అర్హత ఉంటుంది, ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కోర్సు ఎక్కడుందని ఎవరిని అడిగినా ఢిల్లీ అనో సికింద్రాబాద్ అనో చెప్పారు. అప్పు చేసి, సీటు తెచ్చుకుని, దూరపు ఊరు వెళ్లాను. పదకొండు రోజులు చదివాను. ఆ పదకొండు రోజుల్లో నాకు కొత్త ప్రపంచం కనిపించింది. పుట్టినప్పటి నుంచి సైగల్లో మాట్లాడే నాకు, మా భాషకి ఇంత వ్యాకరణం ఉందని అక్కడే తెలిసింది. కనుబొమ్మలు పైకెత్తితే అది అవునా కాదా అని అడిగే ప్రశ్న అవుతుంది, ఎత్తకపోతే మామూలు వాక్యం. అంటే చేతులతో పాటు ముఖం కూడా మాటే. మొదటి వారంలోనే ఇంకోటి చెప్పారు. ఇంటర్‌ప్రెటర్ ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క దాచకూడదు, విన్నది బయట ఎవరికీ చెప్పకూడదు. ఆ క్లాసులో నాకు ఏడుపు ఆగలేదు.

పన్నెండో రోజు రాత్రి నాయన వీడియో కాల్ చేశాడు. మన సైగల భాషలో అక్షరాలు రాయాలన్నా రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో ఫోన్ పట్టుకుంటే నాయనకి మాట సగమే మిగులుతుంది. ఫోన్‌ని బిందెకి ఆనించి పెట్టాడు, అది జారి జారి పడుతోంది, వీధిలైటు వెలుతురులో ఆయన వేళ్లు సరిగ్గా కనిపించడం లేదు. అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది, ఆసుపత్రిలో చేర్చారు, వాళ్లేదో అడుగుతున్నారు, తనకి తెలియడం లేదు. నాకు అర్థమైంది ఇంతే. తెల్లారి రైలెక్కాను. మళ్లీ కోర్సుకి వెళ్లలేకపోయాను. సీటు పోయింది, అప్పు ఇంకా కడుతున్నాం.

మా ఊళ్లో ఇంటర్‌ప్రెటర్ లేరు కాబట్టి నేను ఇల్లు కదలలేను. ఇల్లు కదలలేను కాబట్టి ఇంటర్‌ప్రెటర్ కాలేను. దీనికి నేనేం చెయ్యాలో మీరే చెప్పండి.

నా ఒక్క ఇంటి గోడు అనుకోకండి. వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం పరిశీలనకి అమ్మని తీసుకెళ్తే, వినికిడి పరీక్షకి వచ్చినవాళ్లు బెంచీల మీద బారుగా కూర్చుని ఉన్నారు. లోపలినుంచి ఒకాయన పేర్లు గట్టిగా పిలుస్తున్నాడు. ఎవరికి వినిపిస్తుంది? తోడు లేకుండా వచ్చిన ఒక పెద్దాయన పొద్దున్నుంచి అలాగే కూర్చున్నాడు. చేతిలో కాగితం చూస్తే, ఆయన పేరు ఎప్పుడో పిలిచేశారు. నేను వెళ్లి చెప్తే లోపలికి పంపారు. చెప్పే మనిషి లేక ఒక రోజు కూలి పోగొట్టుకుని వెనక్కి వెళ్లేవాళ్లు ఎంతమందో.

ఒకసారి రాత్రి తొమ్మిదికి ఒక పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. దొంగతనం అనుమానం మీద ఒక బధిర కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. పలమనేరు వైపు పల్లె వాడు, బడి ముఖం చూడలేదు. వాడికి వచ్చినవి ఇంట్లో సొంతంగా కల్పించుకున్న సైగలే. నాకు సగం కూడా అర్థం కాలేదు. 'ఉజ్జాయింపుగా చెప్పమ్మా, రాసుకుంటాం' అన్నారు. ఉజ్జాయింపుగా చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. నా వల్ల కాదని దణ్ణం పెట్టి వచ్చేశాను. మాట్లాడలేని సాక్షికి కోర్టులో ఇంటర్‌ప్రెటర్ సాయం తీసుకోవాలని కొత్త సాక్ష్యాధినియమం 125వ సెక్షన్లో ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ గారు ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో హాజరైతే దేశమంతా చూసింది. చూసి నేను ఎంత సంతోషపడ్డానో! అంత పెద్ద కోర్టులో సాధ్యమైనది మా ఊరి స్టేషన్లో, మా ఆసుపత్రిలో ఎందుకు కాదు?

ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015 నుంచి పని చేస్తోంది. వాళ్ల డిక్షనరీలో 10,000 పదాలకి వీడియోలున్నాయి, వైద్యం మాటలు కూడా. నేను రాత్రిళ్లు అవి చూసి నేర్చుకుంటున్నాను. మాటలు వస్తున్నాయి. కానీ డాక్టర్ మాట్లాడుతుంటే వింటూ అదే క్షణంలో చేతులతో చెప్పడం, ఎక్కడ నిలబడితే బధిరులకి డాక్టరూ నేనూ ఇద్దరం కనిపిస్తామో చూసుకోవడం వీడియోలతో రావు. పక్కన గురువు ఉండాలి, తప్పు చేస్తే చెయ్యి పట్టుకుని సరిచేయాలి.

తిరుపతిలో ఏం తక్కువ మంత్రి గారూ? టీటీడీ వారి బధిర పాఠశాల ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఉంది. సైగల భాష నేర్పడానికి బధిరులకి వేరే డిప్లొమా ఉంది, అది చదివినవాళ్లకి ఉద్యోగమిచ్చి ఇక్కడికి తీసుకురండి. మా భాష మాకు బధిరులే నేర్పాలి, అది నా గట్టి నమ్మకం. రెండేళ్ల కోర్సు ఇక్కడే పెట్టండి. వెంటనే కాదంటే సాయంత్రం క్లాసులైనా మొదలుపెట్టండి. కోడాలకి నైపుణ్య పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఢిల్లీలోని ఆ సంకేత భాషా కేంద్రం చేసింది కదా, ఆ పరీక్ష తిరుపతిలో రాసే వీలు కల్పించండి. నేర్చుకున్నవాళ్లని పెద్దాసుపత్రికి ఒక్కరినైనా నియమించండి. ఒక్కరు చాలరు, సైగలు చేసేవాళ్లు అరగంటకోసారి మారకపోతే తప్పులు దొర్లుతాయి. అయినా ముందు ఒక్కరినైనా ఇవ్వండి. కోర్సు పెట్టండి. మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నానని విసుక్కోకండి.

వచ్చే నెల అమ్మకి స్కాన్ ఉంది. ఏం తేలుతుందోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. డాక్టర్ ఏం చెప్పినా అమ్మకి చెప్పేది నేనే. ఈసారి ఒక్క ముక్క కూడా దాచను. కానీ నా ముఖం చూసే అమ్మ మాట అర్థం చేసుకుంటుంది కాబట్టి, ఆ గదిలో నాకు ఏడ్చే వీలు కూడా లేదు. ఇంకెవరైనా చెప్పేవాళ్లుంటే నేను అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేదాన్ని.

ఈ ఉత్తరానికి 'పరిష్కరించబడినది' అని మెసేజ్ పంపించకండి, మీకు దణ్ణం పెడతాను. కోర్సు ఎప్పుడు మొదలవుతుందో, ఆ తేదీ చెప్పండి.

ఇట్లు,
పూలు కట్టే అమ్మ కూతురు,
కొర్లగుంట, తిరుపతి