దాళ్వా నీటికి పెట్టే వంతు మా టీకాకూ పెట్టండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరి మధ్య డెల్టాలో లస్కరుగా (కాలువ నీటి కాపలాదారుగా) చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. వయసు డెబ్బై రెండు. ఐదు నెలలుగా అక్కి జబ్బు రాకుండా వేసే టీకా రెండో డోసు కోసం ఎదురు చూస్తున్నాను. అది ఎప్పుడు వస్తుందో చెప్పగలిగిన మనిషి ఇంతవరకు నాకు కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ జబ్బును మా వైపు అక్కి అంటారు, కొందరు సర్పి అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అని రాస్తారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారి ఒంట్లోంచి ఆ వైరస్ పూర్తిగా పోదట. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి దాక్కుని, వయసు మీరి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఒక పక్కన పట్టీలా పొక్కులై లేస్తుంది. ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని అమెరికా ఆరోగ్య సంస్థల అంచనా. మా తరంలో ఆటలమ్మ పోయని ఇల్లు ఎక్కడుంది?

నిరుడు దాళ్వా (రెండో పంట) కోతల రోజుల్లో మా ఇంటావిడకు వీపు నుంచి ఎడమ డొక్క దాకా అక్కి లేచింది. జాజుతో అక్కి రాయిస్తే తగ్గుతుందని పెద్దవాళ్లు చెప్పారు, రాయించాను. మూడు రోజులు అలా పోయాయి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుందని నాలుగో రోజున డాక్టరు చెప్పినప్పుడు నా గుండె జారిపోయింది. ఆ ఆలస్యం నాదే, ఒప్పుకుంటాను. పొక్కులు మూడు వారాల్లో మానాయి. నొప్పి మాత్రం ఏడాదైనా వదలలేదు. జాకెట్టు తగిలితే ఓర్చుకోలేదు, ఫ్యాను గాలి సోకితే ఉలిక్కిపడుతుంది. అర్ధరాత్రి దాటాక లేచి, చీర చెంగు ఒంటికి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. పక్కన కూర్చోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఈ జబ్బుకు టీకా ఉందని అప్పుడే తెలిసింది. 2023 నుంచి మన దేశంలోనూ అమ్ముతున్నారు. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు వేయించుకోవాలి. పరీక్షల్లో యాభై దాటినవారిని నూటికి 97 పాళ్లు, డెబ్బై దాటినవారిని 90 పాళ్ల వరకు కాపాడిందని తేలింది. ఒకసారి అక్కి వచ్చినవారు కూడా తగ్గాక వేయించుకోవచ్చు. ఉన్న నొప్పిని తీసివేయదు కానీ మళ్లీ రాకుండా ఉండటానికి తోడ్పడుతుంది. ఒక్క డోసు పదివేల పైమాటే అన్నారు. నా మొదటి డోసుకు మా అమ్మాయి డబ్బు కట్టింది, కార్తీకంలో వేయించుకున్నాను. ఇప్పుడు రెండోది లేదు. దుకాణంలో అడిగితే రాజమండ్రిలోనే లేదంటారు. డబ్బు ముందు కడితే తెప్పిస్తామంటారు, ఎప్పటికో చెప్పలేమంటారు. ఆ అబ్బాయిని తప్పుపట్టను. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉంచవలసిన మందు అది. అంత ఖరీదైనదాన్ని, నెలకో మనిషి కూడా అడగనిదాన్ని, కరెంటు పోతే ఏమవుతుందో తెలియక ఎవరు తెచ్చి పెట్టుకుంటారు?

కొరత ఉండటమే నేరమని నేను అనడం లేదు. అమెరికాలో 2017లో ఈ టీకాకు అనుమతి ఇచ్చారు. మరుసటి ఏడాదికల్లా అక్కడి వృద్ధులు కూడా మందుల దుకాణాల్లో పేర్లు రాయించుకుని ఆగవలసి వచ్చింది. దీని తయారీ సులభం కాదు. టీకా శక్తిని పెంచడానికి కలిపే పదార్థాల్లో ఒకదాన్ని చిలీ దేశపు క్విల్లాజా అనే చెట్టు బెరడు నుంచి తీస్తారని చదివాను. మన కుంకుడుకాయలో నురుగునిచ్చే పదార్థం లాంటిదే అదీ. అంత దూరం నుంచి అన్ని చేతులు మారి రావలసిన మందు అందరికీ ఒక్క రోజున అందదు. ఆ మాత్రం అర్థం చేసుకోగలను.

అయితే అయ్యా, కొరతను ఎలా పంచాలో ఈ డెల్టాకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. ఎద్దడి ఏడాది దాళ్వాకు గోదావరి నీరు చాలదు. సీలేరు నీటిని కలుపుకొన్నా అంతంతమాత్రమే. అప్పుడు కాలువలకు వంతులు పెడతారు. ఈ కాలువకు ఇన్ని రోజులు, తర్వాత ఆ కాలువకు ఇన్ని రోజులు. నా ఉద్యోగమంతా అదే. లొల్ల లాకుల నుంచి వదిలిన నీరు సఖినేటిపల్లి, మలికిపురం వైపు శివారు చేలకు చేరాలంటే, రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని గట్టంట నడిచి, ఎగువన ఎవరో దొంగచాటుగా ఎత్తిన షట్టర్లు దించి, చివరి బోదెలో నీరు కదిలేదాకా ఉండి రావాలి. నీరు తక్కువని చెబితే ఏ రైతూ నా మీదికి రాలేదు. వంతు ఎప్పుడో చెప్పలేకపోయిన రోజున మాత్రం నన్ను గట్టు మీద నిలబడనివ్వలేదు. వాళ్ల కోపం న్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది.

ఈ టీకా విషయంలో మేము శివారు చేలం. హైదరాబాదులో కొడుకు ఉన్నవాడికి, కారు ఉన్నవాడికి, ఒకేసారి ఇరవై వేలు తీయగలవాడికి నీరు ముందే అందుతోంది. కౌలు చేసుకుని బతికిన ముసలివాళ్లకు, కొబ్బరి దింపుల మీద నడుములు పోగొట్టుకున్నవాళ్లకు ఇలాంటి టీకా ఒకటి ఉందన్న సంగతే తెలియదు.

మా వీధికి బుధవారం, శనివారం ఏఎన్ఎం అమ్మాయి టీకాల పెట్టె భుజాన వేసుకుని వస్తుంది. నా మనవడి కార్డులో తరువాతి టీకా ఏ రోజో రాసి ఇస్తుంది. ఆ తేదీ చూసుకుని కోడలు పనులు సర్దుకుంటుంది. సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. ఇన్నేళ్లలో ఎందరు పిల్లల్ని బతికించిందో చెప్పలేము. ఆ పట్టికలో పసివాళ్లు, బడిపిల్లలు, గర్భిణులు ఉన్నారు. మా వయసు వరుస లేదు. అది ఒకటి గీయమని అడుగుతున్నాను.

ఏర్పాట్లు లేవని అనలేరు. 2021 మార్చి 1న అరవై దాటినవారికి కరోనా టీకా మొదలైనప్పుడు మేము బడి ఆవరణలో వరుసగా బల్లల మీద కూర్చున్నాము. ఏ కేంద్రంలో ఎన్ని సీసాలున్నాయో, చల్లదనం ఎంత ఉందో పైవారికి తెలిపే ఈ-విన్ పద్ధతి ఉంది. చలిపెట్టెలు ఉన్నాయి. ఆ పెట్టెలు మోసే అమ్మాయిలు ఉన్నారు. బ్రిటన్ వాళ్లు కూడా 2013లో, అప్పట్లో ఉన్న వేరే రకం అక్కి టీకా మొదలుపెట్టినప్పుడు అందరికీ ఒకేసారి ఇవ్వలేదు. మొదటి ఏడాది డెబ్బై ఏళ్లవారికి, డెబ్బై తొమ్మిది ఏళ్లవారికి ఇచ్చి, తర్వాత ఏటా కొందరిని చేర్చుకుంటూ వచ్చారు. మా భాషలో అది వంతే.

మీరు కొనగలిగింది ఎన్ని డోసులైతే అన్నే కొనండి. తక్కువైనా సరే. ఆ సంఖ్య మాకు చెప్పండి. మా ఊరి సచివాలయంలో ఒక పుస్తకం పెట్టి, డెబ్బై దాటినవారి పేర్లు, వారిలోనూ డాక్టర్లు ముందుగా ఇవ్వాలని చెప్పేవారి పేర్లు రాయించండి. పేరు పక్కన ఒక తేదీ వేయించండి. రెండేళ్ల తర్వాతి తేదీ అయినా ఆగుతాము. అప్పోసప్పో చేసి మొదటి డోసు వేయించుకున్నవారికి రెండోది ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ద్వారా, ధర తీసుకునైనా తెప్పించే దారి చూపండి. ఇది ఈ నెలలోనే చేయగలిగిన పని అని నా నమ్మకం.

నా ఆరు నెలల గడువు వైశాఖంతో ముగుస్తుంది. గడువు దాటినా మొదటి డోసు వృథా కాదని, దొరికిన వెంటనే రెండోది వేయించుకోమని డాక్టరు చెప్పారు కాబట్టి నేను ఆగగలను. మా ఇంటావిడకు ఇంకా మొదటిదే పడలేదు. ఆమె పేరు ముందు రాయించండి. తేదీ చెప్పిన రోజున రాజోలైనా, అమలాపురమైనా, పంటు ఎక్కి నరసాపురమైనా, తెల్లవారకముందే ఆమెను వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు,
కోనసీమ